చిన్నప్పటి ప్రశ్న నుంచి కవిత దాకా

కవిత రాద్దామని కూర్చుంటారు. కాగితం మీదికి వెన్నెల వస్తుంది, మల్లెపూలు వస్తాయి, కోయిల వస్తుంది. నాలుగు లైన్లు రాశాక చదువుకుంటే ఎక్కడో చదివినట్టే ఉంటుంది. నాకు చాలా ఏళ్లు ఇలాగే గడిచాయి. ఒక జూన్ సాయంత్రం తొలి వానకి లేచిన మట్టి వాసన పీలుస్తూ బస్టాపులో నిలబడి ఉంటే, హైదరాబాద్‌లో మౌలాలి దగ్గర రైల్వే క్వార్టర్స్‌లో ఉన్నప్పుడు మా నాయనమ్మని అడిగిన ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది. "నాయనమ్మా, ఈ ఎర్ర పురుగులు వాన పడకముందు ఎక్కడుంటయ్?" అని. "మొగులు మీదికెల్లి వానతోని పడ్తయ్ బిడ్డా" అంది. ఆ రోజంతా మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశాను. ఆ ప్రశ్న పట్టుకుని రాసినవే, ఇవి నావి అని ధైర్యంగా చెప్పుకోగలిగిన మొదటి నాలుగు లైన్లు.

ఇక్కడ చెప్పేదంతా ఆ దారి గురించే. ఉద్యోగం, ట్రాఫిక్, ఇంటి పని అన్నీ ఉన్నవాళ్లకి కూడా కుదిరేలా చెబుతాను. ఒక చిన్న నోట్‌బుక్, పెన్సిల్, రోజుకి పావుగంట చాలు. పెన్సిలే ఎందుకంటే వాన చుక్క పడితే పెన్ను రాత అలుక్కుపోతుంది. మనకి వానలో చాలా పని ఉంది.

ముందు ప్రశ్నలు ఏరుకోండి

నోట్‌బుక్ మొదటి పేజీలో, పదేళ్ల లోపు మీరు చెట్టు గురించో పిట్ట గురించో వాన గురించో అడిగిన ప్రశ్నలు రాయండి. జవాబులు రాయొద్దు. అప్పుడు మీకేమనిపించిందో కూడా ఇప్పుడే వద్దు. ప్రశ్న ఒక్కటే, అప్పుడు మీ నోట్లోంచి వచ్చిన మాటల్లోనే. "అత్తిపత్తికి సిగ్గెందుకు?" "చందమామ మన ఆటో వెంట ఎందుకు వస్తున్నాడు?" "ఉసిళ్లు రెక్కలు ఎందుకు ఊడగొట్టుకుంటాయి?" "బండ మీద బండ ఎవరు పెట్టారు?"

మొదటి రోజు ఐదో ఆరో వస్తాయి, అక్కడ ఆగిపోతుంది. అప్పుడు అమ్మకి ఫోన్ చేయండి. "నేను చిన్నప్పుడు ఏం అడిగి సతాయించేదాన్ని?" అనండి, "సతాయించేవాణ్ని" అనండి. అమ్మలకి ఇవి బాగా గుర్తుంటాయి. పెద్దమ్మ, బాబాయి, అక్క, పక్క క్వార్టర్స్‌లో ఉన్న పాత స్నేహితులు, ఎవరినైనా అడగండి. నా లిస్టులో సగం మా చిన్నత్త చెప్పినవే. నేను మరిచిపోయిన ప్రశ్నని ఆవిడ నా గొంతు అనుకరిస్తూ చెబుతుంటే, ఆ పెరడు, నల్లా కింద పాచి పట్టిన గచ్చు, బాదం చెట్టు నీడ అన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ప్రశ్న గుర్తొస్తే చోటు కూడా వెంట వస్తుంది. అందుకే మొదలు ప్రశ్నతోనే పెట్టుకోవాలి.

వారంలో ఇరవై ప్రశ్నలు అయితే చాలు. వాటిలో చదవగానే ఒంట్లో చిన్న కదలిక వచ్చే ప్రశ్న ఒకటుంటుంది. దాని పక్కన చుక్క పెట్టుకోండి.

రోజూ వెళ్లగలిగే చోటు ఒకటి పెట్టుకోండి

ప్రకృతి అనగానే అనంతగిరి కొండలకి ట్రిప్ వేసుకోవాలనుకుంటాం. ఏడాదికి ఒకసారి వెళ్లే చోటు కన్నా రోజూ పావుగంట నిలబడే చోటు కవితకి ఎక్కువ ఇస్తుంది. నిన్న లేనిది ఇవాళ కనపడితేనే కదా ఆశ్చర్యం. మీ అపార్ట్‌మెంట్ గోడ వారగా ఉన్న కానుగ చెట్టు, టెర్రస్ మీద ట్యాంకు కింద తడి, బస్టాపు దగ్గర నిద్రగన్నేరు ఏవైనా సరే. నిద్రగన్నేరు ఆకులు పొద్దు గూకగానే ముడుచుకుంటాయి, మబ్బు పట్టినా ముడుచుకుంటాయి. నగరంలో వేలమంది దాని కింద బస్సు కోసం నిలబడతారు. పైకి చూసి ఎన్నింటికి ముడుచుకుందో టైమ్ రాసుకున్నవాళ్లు ఎందరుంటారు? మీరు రాసుకోండి.

కాస్త దూరం వెళ్లగలిగితే మన ఊళ్లోనే చాలా ఉన్నాయి. కేబీఆర్ పార్కులో పొద్దున్నే నెమలి అరుపు వినండి. అంత అందమైన పిట్ట అంత గట్టిగా, పిల్లిలా అరవడం పిల్లలకి పెద్ద వింత. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందిన అమీన్‌పూర్ చెరువు గట్టు మీద చలికాలం ఒక ఉదయం కూర్చోండి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పాత చెట్ల మొదళ్లు తడిమి చూడండి. గోల్కొండ నయా ఖిలా లోపల, ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టుంది. హతియాన్ కా ఝాడ్ అంటారు, నాలుగు వందల ఏళ్లకు పైబడిందని చెబుతారు. వెళ్లే ముందు లోపలికి వదులుతారో లేదో కనుక్కోండి.

ఇంకో చెట్టు గురించి చెప్పకుండా ఉండలేను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరు కొట్టుకుపోయినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. అలాంటి వరద మళ్లీ రాకూడదనే తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ చెట్టు కింద నిలబడి చిన్నపిల్లలా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఏ కొమ్మ మీద ఎవరు కూర్చున్నారు? రాత్రంతా ఏం మాట్లాడుకున్నారు? నేను మూడుసార్లు వెళ్లాను. ఇంకా రాయలేకపోయాను. కొన్ని చెట్లకి టైమ్ పడుతుంది.

చూడటం: కరివేపాకు మొక్కతో మొదలుపెట్టండి

ఈ మెట్టు దగ్గర తొందరపడకండి. అసలు పని ఇక్కడే.

బాల్కనీలో కరివేపాకు కుండీ ఉందా? లేకపోతే నిమ్మ మొక్కయినా పర్లేదు. వానాకాలం మొదలయ్యాక లేత ఆకుల్ని రోజూ తిప్పి చూడండి. ఒకరోజు ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు నల్లగా, మధ్యలో తెల్లగా ఏదో కనిపిస్తుంది. తుడిచేయబోతారు. ఆగండి. కళ్లజోడు పెట్టుకుని చూస్తే అది కదులుతుంది. సీతాకోకచిలుక పిల్ల అది, గొంగళి. పిట్టలు తినకుండా పిట్ట రెట్ట వేషం వేసుకుంది.

రోజూ చూడండి. కొన్నాళ్లకి చర్మం విడిచి ఆకుపచ్చ రంగులోకి మారుతుంది. తల వెనక పెద్ద కళ్లలాంటి మచ్చలు వస్తాయి. అవి కళ్లు కావు. అసలు కళ్లు చాలా చిన్నవి, కింద తల దగ్గర ఉంటాయి. పుల్లతో మెల్లగా తాకితే తల వెనకనుంచి పాము నాలుకలా చీలిన కొమ్మొకటి బయటికి వస్తుంది, ఘాటు వాసన కొడుతుంది. ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ మళ్లీ భయపెట్టకండి. దాని నోరు ఆకు అంచు మీద పైనుంచి కిందికి, మళ్లీ పైనుంచి కిందికి కోసుకుంటూ పోతుంది. చెవి దగ్గర పెట్టి వినండి. ఇంట్లో ఫ్యాన్ ఆపితే, నిజంగా, చిన్న కరకర వినిపిస్తుంది.

తర్వాత ఒకరోజు తినడం మానేసి అటూ ఇటూ తిరుగుతుంది. ఒక కాడ చూసుకుని, తోక చివర పట్టుదారంతో అతికించుకుని, నడుముకి ఒక దారం బెల్టులా కట్టుకుని వెనక్కి వాలుతుంది. పొలాల్లో తాటిచెట్టు ఎక్కే గీతకార్మికుడు మోకు నడుముకి వేసుకుని వెనక్కి వాలినట్టే ఉంటుంది. ఆ పోలిక నాకు తట్టింది రెండో ఏడాది. మొదటి ఏడాది చూడటమే సరిపోయింది. అలా వాలిన గొంగళే గూడుగా మారుతుంది. పది రోజులు అటూ ఇటుగా ఆ గూడు రంగు మారి, లోపల రెక్కల గీతలు కనిపిస్తాయి. మర్నాడు పొద్దున్నే చూడకపోతే ఖాళీ గూడే మిగులుతుంది. మొదటిసారి నాకు ఖాళీ గూడే మిగిలింది. ఆఫీసు మీటింగ్ టెన్షన్‌లో పడి బాల్కనీ తలుపు తీయలేదు. ఆ రోజు పడిన బాధ ఇప్పటికీ నోట్‌బుక్‌లో ఉంది. అది కూడా రాసుకోవాలి.

చూసేటప్పుడు రాయాల్సినవి ఇవే: రంగు, కదలిక, చప్పుడు, వాసన, టైమ్. "అందంగా ఉంది", "మనసు పులకించింది" లాంటి మాటలు ఈ పేజీల్లో రానీయకండి. తారీఖు పక్కన కార్తె కూడా రాయండి. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజులని ఒక్కో కార్తె అంటారు. ఏడాదికి 27. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిరకి వానలు మొదలవుతాయని మన పెద్దవాళ్లు పెట్టుకున్న లెక్క అది. నాలుగేళ్ల నోట్‌బుక్‌లు పక్కన పెట్టి చూస్తే, మీ వీధిలో రేల పూలు ఏ కార్తెలో విరగబూస్తాయో, కోయిల ఎప్పుడు మొదలుపెడుతుందో మీకే తెలుస్తుంది. కవితకి అంతకన్నా గట్టి పునాది లేదు.

ఒక జాగ్రత్త. ఒంటినిండా వెంట్రుకలున్న గొంగళిని తాకొద్దు, దురద, దద్దుర్లు వస్తాయి. దేన్నీ సీసాలోనో డబ్బాలోనో పెట్టి మూత వేయొద్దు. దీని గురించి కింద చెబుతాను.

పేరు కనుక్కోండి

"ఏదో పసుపు పువ్వు" అని రాస్తే కవిత అక్కడే చప్పబడిపోతుంది. తంగేడు అని రాయండి. మన తెలంగాణ రాష్ట్ర పుష్పం అది. ఊరి బయట బీడుల్లో, రోడ్డు గట్ల మీద పూస్తుంది. బతుకమ్మ ముందు రోజుల్లో రోడ్ల పక్కన గునుగు, తంగేడు, కట్ల పూలు కుప్పలు పోసి అమ్మే అమ్మల దగ్గర కూర్చోండి. పూలు కొనండి, ఊరికే అడగొద్దు. "గిది ఎక్కడ తెంపిన్రు? ఏ యాళకు తెంపుతరు?" అంటే వాళ్లు చెప్పే మాటలు ఏ నిఘంటువులోనూ దొరకవు. పార్కులో మాలిని అడగండి. పల్లె నుంచి వచ్చిన వాచ్‌మన్ అన్నని అడగండి. మా వాచ్‌మన్ అన్న ఒక్క సాయంత్రంలో మా కాంపౌండ్‌లోనే పదకొండు మొక్కల పేర్లు చెప్పాడు. నేను అక్కడ ఏళ్ల తరబడి ఉంటున్నాను, నాకు తెలిసినవి నాలుగు.

జవాబు వెతకండి, కానీ వెంటనే వద్దు

చుక్క పెట్టుకున్న ప్రశ్నకి ఫోన్‌లో జవాబు నిమిషంలో దొరుకుతుంది. వారం ఆగండి. ఈ వారంలో, చిన్నప్పుడైతే మీరు ఏం ఊహించేవారో ఆ ఊహలు మూడు రాయండి. తర్వాతే అసలు సంగతి చదవండి. తెలిస్తే ఆశ్చర్యం పోతుందని కొందరు కవులు అంటారు. నేను ఒప్పుకోను. నాకు మాత్రం తెలిసిన ప్రతిసారీ ఆశ్చర్యం పెరిగింది.

బండల సంగతే తీసుకోండి. మౌలాలి గుట్ట చూసి "ఇవి ఎవరు పెట్టారు" అంటే మా నాయనమ్మ "రాక్షసులు గోలీలాడి ఇడిసిపెట్టి పోయిన్రు" అనేది. నిజం ఏమిటంటే ఆ బండల్ని ఎవరూ పైకి ఎత్తలేదు. దాదాపు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల చల్లారి గట్టిపడిన గ్రానైట్ అది. పైనున్న పొరలు అరిగిపోయాక బయటపడింది. పగుళ్ల వెంట నీరు దిగి, రాయి మెత్తబడి మట్టయిపోయి, ఆ మట్టి వానలకి కొట్టుకుపోగా మిగిలినవి ఈ గుండ్లు. అంటే పెట్టడం జరగలేదు, చుట్టూ ఉన్నదంతా వెళ్లిపోవడం జరిగింది. ఖాజాగూడ బండల మధ్య నిలబడి ఈ సంగతి తలుచుకుంటే, చనిపోయిన మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆ గోలీల మాట కూడా నాకు అబద్ధం అనిపించలేదు. రెండూ ఒకే కవితలోకి వచ్చాయి.

కోయిల సంగతి కూడా చూడండి. కోయిలమ్మ పాడింది అని రాస్తూ పోతాం. కూ అని పాడేది మగది, నల్లగా, ఎర్రటి కళ్లతో. ఆడది గోధుమరంగు మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. దాని అరుపు వేరు, కిక్ కిక్ అని తొందర తొందరగా ఉంటుంది. కాకి గూటిలో గుడ్డు పెట్టి వెళ్లిపోయే ఆ ఆడకోయిల గురించి రాయడానికి ఎంత ఉందో చూడండి.

ఇక నా ఎర్ర పురుగు. ఆరుద్ర కార్తెలో, జూన్ చివర్లో కనిపిస్తుంది కాబట్టి ఆరుద్ర పురుగు. ఇంద్రగోపం అన్నా ఇదే. వానతో పడదు. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, తొలి వానలకి పైకి వస్తుంది. కాళ్లు లెక్కపెట్టండి, ఎనిమిది. సాలీడుకి చుట్టం. నాయనమ్మ పైకి చూడమంది, అది కాళ్ల కింద ఉంది.

రాయడం

ఇప్పుడు రాయండి. మూడుసార్లు రాయాలి. నా రాతలే చూపిస్తాను.

మొదటిసారి నాకు వచ్చింది ఇది: "ఓ ఆరుద్రమా, పుడమితల్లి నుదుట దిద్దిన కుంకుమ బొట్టువా, వానచినుకుల ప్రేమలేఖవా." ఇలాంటివి మీకూ వస్తాయి. రానివ్వండి, రాసేయండి, పేజీ తిప్పేయండి. అవి బయటికి పోతేనే లోపల ఉన్నది కదులుతుంది.

రెండోసారి వచనంలో రాయండి. కథ చెప్పినట్టు, జరిగింది జరిగినట్టు. లా, లాంటి, వలె అనే మాటలు వాడకూడదు. నాది ఇలా వచ్చింది: "బడి ఎనక మైదానంలో ఆరుద్ర పురుగు దొరికింది. వేలితో ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుని ఆగింది. మెత్తగా ఉంది. అగ్గిపెట్టెలో గడ్డి వేసి పెట్టాను. క్లాసులో పెట్టె తెరిచి చూస్తుంటే టీచర్ చేతి మీద కొట్టి, పెట్టె లాక్కుని టేబుల్ మీద పెట్టింది. సాయంత్రం ఇచ్చింది. ఇంటికి తెచ్చి దిండు కింద పెట్టుకున్నాను. పొద్దున తెరిస్తే కదలలేదు. రంగు అలాగే ఉంది. బయట వాన ఆగింది." డబ్బాలో పెట్టొద్దని పైన చెప్పింది ఇందుకే.

ఈ వచనాన్ని గట్టిగా చదవండి. చదువుతుంటే గొంతు ఎక్కడ ఆగుతుందో అక్కడ గీత పెట్టండి. నాకు రెండు చోట్ల ఆగింది: అగ్గిపెట్టె దగ్గర, వాన ఆగడం దగ్గర. టీచర్ దెబ్బ దగ్గర ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. కాబట్టి టీచర్ కవితలోంచి వెళ్లిపోయింది.

మూడోసారి, మిగిలినదాన్ని ఒక చిన్న రూపంలో పెట్టండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నానీ మంచిది. ఆచార్య ఎన్. గోపి 1997లో తెచ్చిన రూపం. నాలుగు పాదాలు, 20 నుంచి 25 అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక భావం, తర్వాతి రెండింటిలో ఇంకొకటి. అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టాల్సి రావడం వల్ల అనవసరపు మాటలు వాటంతటవే రాలిపోతాయి.

అగ్గిపెట్టెలో
పెట్టి దాచాను.
తెల్లారేసరికి
వాన ఆగిపోయింది.

ఇరవై మూడు అక్షరాలు. పురుగు పేరు కవితలో లేదు, పైన శీర్షికలో పెట్టాను. చనిపోయింది అన్న మాట రాసి కొట్టేశాను, మళ్లీ రాసి మళ్లీ కొట్టేశాను. వాన ఆగిపోయింది అన్నాక ఇంకేం చెప్పాలి?

కరివేపాకు మొక్క మీద రెండేళ్ల తర్వాత ఇంకొకటి వచ్చింది:

పోపులో వేయకుండా
ఒక రెమ్మ ఆపాను.
రెక్కలొచ్చి
వాసన ఎగిరింది.

ఛందస్సు వచ్చినవాళ్లు ఆటవెలదిలో రాసుకోండి, తేటగీతిలో రాసుకోండి. గుర్రం జాషువా గిజిగాడి మీద, సాలీడు మీద పద్యాలే రాశారు. రూపం మీ ఇష్టం. చూడని సంగతి మాత్రం రాయకండి. ప్రాస కుదిరిందని గూడులో లేని గుడ్డు పెట్టొద్దు.

పిల్లలకి వినిపించండి

రాసింది ముందు తోటి కవులకి పంపకండి. ఏడెనిమిదేళ్ల పిల్లలకి చదివి వినిపించండి. మీ పిల్లలైనా సరే, పక్క ఫ్లాట్ పిల్లలైనా సరే. అర్థమైందా అని అడగొద్దు. చదివి ఊరుకోండి. కవితలో నిజం ఉంటే వాళ్లు ప్రశ్న అడుగుతారు. లేకపోతే లేచి ఆడుకోవడానికి వెళ్లిపోతారు. అలా వెళ్లిపోయిన కవితలు నావి చాలా ఉన్నాయి, వాటిని మళ్లీ మొదటి మెట్టు నుంచి రాసుకున్నాను.

వాళ్లు చెట్టు గురించో పురుగు గురించో అడిగినప్పుడు గబుక్కున జవాబు చెప్పేయకండి. "నువ్వేమనుకుంటున్నావ్?" అని అడిగి, వాళ్లు చెప్పింది మీ నోట్‌బుక్‌లో వాళ్ల పేరుతో రాయండి. ఏళ్ల తర్వాత వాళ్లే వచ్చి ఆ పేజీ అడగొచ్చు.

ఆరుద్ర పురుగు నానీని కింది ఫ్లాట్ పాపకి చదివాను. రెండో తరగతి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంకుల్, మరి అగ్గిపెట్టె ఏం చేసిండ్రు?" అంది.

నాకు గుర్తు లేదు. అమ్మకి ఫోన్ చేశాను, ఆమెకీ గుర్తు లేదు. చిన్నత్త మాత్రం, "బాదం చెట్టు కింద పాతిపెట్టినవ్ కదరా, మూడు రోజులు నీళ్లు కూడ పోసినవ్" అంది. ఆ మాట పాప ప్రశ్న కింద రాసుకున్నాను. ఈ ఆదివారం మౌలాలి వెళ్లి ఆ బాదం చెట్టు ఉందో లేదో చూడాలి.